ప్లాస్టిక్ కింద సంతకం

హలో... వినపడుతోందాండీ? ఆ, ఇప్పుడు బాగుంది. అందరూ కులాసానా? పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి రండి, ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. మనుషులు మాత్రం ముగ్గురే. ఒక మామయ్య, ఆయన భార్య, వాళ్ళు పెంచిన మేనకోడలు. మంగళవారం మొదలై శనివారానికి అయిపోయింది. వినండి మరి.

మామయ్యకి బజారు మలుపులో జిరాక్సు కొట్టు. ఒక పెద్ద మిషను, ఒక కంప్యూటరు, రంగుల ప్రింటరు, గోడవారగా లామినేషన్ మిషను. మిగతావాటి మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకుంటాడు గానీ లామినేషన్ మిషను జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వడు. పొద్దున్నే స్విచ్చి వేసి, ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చేదాకా దాని ముందే నిలబడి టీ తాగుతాడు. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, లోపల గాలి మిగలకుండా అరచేత్తో మధ్య నుంచి అంచులకి రాసి, రోలర్ల నోటికి అందిస్తాడు. అవతల వేడివేడిగా బయటికొచ్చేదాన్ని మంత్రసాని బిడ్డని అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుంటాడు.

ఇంట్లో ఆ మిషనుకి దొరక్కుండా తప్పించుకున్న కాగితం లేదు. పెళ్ళి ఫోటో, మందుల చీటీ, పాలవాడి ఫోన్ నంబరు, ఆఖరికి వాషింగ్ మిషనుతో వచ్చిన పుస్తకం అట్ట. "నన్ను కూడా ఒకసారి అందులో పెట్టి తియ్యండి, ముడతలైనా పోతాయి" అంటుంది అత్త.

ఆ అత్తకే ఈ మధ్య పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ అయింది. అందుకే మేనకోడలు సెలవు పెట్టుకుని రెక్కలు కట్టుకుని వాలింది. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని ఇంట్లో పిచ్చుక అంటారు. ఇప్పుడది పరాయి దేశంలో పెద్ద చదువు చదివి, చదువయ్యాక కూడా ఆ విద్యార్థి వీసా మీదే అక్కడొక ల్యాబులో పని నేర్చుకుంటోంది. శుక్రవారం మధ్యాహ్నం తిరుగు విమానం. సోమవారం పొద్దున ల్యాబులో ఉండాలి.

మంగళవారం అత్తకి కుట్లు చూపించడానికి ఆసుపత్రికి వెళ్తూ పిచ్చుక కొట్టు దగ్గర ఆగింది. పచ్చ ఫైలొకటి మామయ్య చేతిలో పెట్టింది.

"ఇందులోవన్నీ ఒక్కో కాపీ తీసిపెట్టు మామయ్యా. వచ్చేటప్పుడు తీసుకెళ్తా. జాగ్రత్త, నా ప్రాణం అందులోనే ఉంది."

"నీ ప్రాణం నాకు ముప్పై ఏళ్ళుగా అలవాటేలే, పో" అన్నాడు.

పాస్‌పోర్టు కాపీ తీశాడు. ల్యాబు వాళ్ళ ఉత్తరం తీశాడు. ఆ తర్వాత కాలేజీ కాగితం చేతికొచ్చింది. ఈ అమ్మాయి మా విద్యార్థేనని కాలేజీ ఇచ్చే కాగితం అది. పాస్‌పోర్టులో వీసా ఎంత గట్టిగా ఉన్నా, ఇది చూపించకపోతే ఆ దేశం తిరిగి లోపలికి రానివ్వదు. రెండో పేజీలో కాలేజీ ఆవిడ నీలం సిరాతో సంతకం పెట్టి తేదీ వేసింది. ప్రయాణం చేసి వచ్చినా మాకు సమ్మతమే అని అర్థం. ఇదంతా పిచ్చుక ఎప్పుడో చెప్పింది, ఆయనా తలూపాడు. కానీ ఇప్పుడు ఆయన కళ్ళకి ఆనింది అది కాదు. నాలుగు మడతల దగ్గర కాగితం నలిగి దూదిలా అయింది. ఒక మూల చిరిగింది. టీ మరక కూడా. ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇంత ముఖ్యమైనదాన్ని ఇలాగేనా వాడేది!

దాన్ని కూడా కంప్యూటరులోకి ఎక్కించి కాపీ తీశాడు. లామినేషన్ మిషను ఎటూ వేడిగానే ఉంది. రెండు పేజీల్నీ వీపుకి వీపు ఆనించి ఒకే కవరులో పెట్టాడు. మందం కవరు, మంచి రకం. మడతలు సాపు చేసి, గాలి తీసి, అందించాడు. అవతల అద్దంలా వచ్చింది. మూలలు చేతికి గుచ్చుకోకుండా కత్తెరతో గుండ్రంగా తీశాడు.

పిచ్చుక వచ్చి ఫైలు తెరిచింది. మామయ్య మెప్పు కోసం చూస్తున్నాడు. ఆ పిల్ల కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పింది.

"ఏం చేశావు మామయ్యా?"

"ఇంక వానొచ్చినా..."

"దీన్ని వాళ్ళు చేత్తో పట్టుకుని చూడాలి. సంతకం నిజమైనదో కాదో వెనక్కి తిప్పి వేలితో తడుముతారు. దీని మీద స్టాంపు వేస్తారు. నువ్వు..." కుర్చీలో కూర్చుంది. ప్లాస్టిక్ మీద గోటితో గీకింది. కిర్రుమంది తప్ప లేవలేదు.

మామయ్య మిషను స్విచ్చి తీసేశాడు. పచ్చ లైటు ఆరిపోయింది. టేబులు మీద కత్తిరింపు ముక్కలన్నీ ఏరి గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం పిచ్చుక ఫోను కింద పెట్టలేదు. అక్కడున్న విద్యార్థులందరికీ ఒక గ్రూపుంది. అడిగిందే తడవు తలా ఒక మాట. ఒకడు ఏం కాదన్నాడు. ఇంకొకడు, పోయిన నెల ఒకమ్మాయి కాగితం సరిగా లేదని వచ్చిన విమానంలోనే వెనక్కి తిప్పి పంపారన్నాడు. ఆ అమ్మాయి ఎవరో, ఏ కాలేజో ఎవరికీ తెలీదు. కానీ ఆ మాట ఇంట్లో ముగ్గురి మధ్యా వచ్చి కూర్చుంది. గ్రూపులో పెద్దరికం వెలగబెట్టే సీనియర్ ఒకడు విడిగా ఫోన్ చేశాడు.

"కాలేజీ ఆఫీసుకి మాత్రం చెప్పకు. ఒరిజినల్ పాడుచేశానని నీ పేరు మీద రాసి పెడతారు. అది జీవితాంతం వెంటాడుతుంది. మీ మామయ్యది జిరాక్సు షాపే కదా, ఇంకేం కావాలి?" అని నవ్వాడు.

"నాకలాంటివి చేతకావు" అని పిచ్చుక పెట్టేసింది. ఫోను స్పీకరులో ఉంది. ఆ నవ్వు మామయ్య కూడా విన్నాడు.

బుధవారం కొట్టు తెరవగానే ఆయన పాత బిల్లులు పది తీసుకుని, వాటి మీద నీలం పెన్నుతో గీతలు గీసి, లామినేషన్ చేశాడు. ఒక్కోదాన్నీ విప్పడానికి కూర్చున్నాడు. ఇస్త్రీ పెట్టె పెట్టి వేడి చేసి లాగితే, పై పొరతో పాటు అక్షరాలు కూడా ఊడొచ్చాయి. ఫ్రీజర్లో పెట్టి తీసి బ్లేడుతో అంచు లేపితే కాగితం పొరలుగా చీలింది. నీలం గీత సగం ప్లాస్టిక్‌కి, సగం కాగితానికి అంటుకుంది. పదీ పాడయ్యాయి. ముప్పై ఏళ్ళ నుంచి "మాది ఊడదండీ, పందెం" అని గిరాకీలకి చెప్పిన మనిషి, ఊడని ప్లాస్టిక్‌ని పట్టుకుని, ఊడితే చాలు దేవుడా అనుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. అత్త మంచం మీద నుంచే కంచం వైపు చూసింది.

"ఆపరేషన్ నాకైతే పథ్యం మీరు చేస్తున్నారేంటి?"

"దాని ఉద్యోగం పోతే?"

"పోయాక ఏడుద్దాం. ముందు అడగాల్సినవాళ్ళని అడగమనండి."

"అడిగితే పేరు మీద రాస్తారంట."

"ఎవరంట?"

"సీనియరంట."

"ఆ సీనియర్ వచ్చి కౌంటరు దగ్గర నిలబడతాడా?" అని అత్త అటు తిరిగి పడుకుంది.

గురువారం మామయ్య కొట్టు షట్టరు సగానికి దింపాడు. మిషను పాడైందని అట్ట మీద రాసి వేలాడదీశాడు. మంగళవారం తీసిన కాపీలు కంప్యూటరులో భద్రంగా ఉన్నాయి. తెర మీద కాగితం పెద్దదిగా చేసి మడతల నీడలు ఒక్కొక్కటే తుడిచాడు. టీ మరక తుడిచాడు. సంతకం కూడా తుడిచేసి ఆ చోటు ఖాళీగా ఉంచాడు. ఎందుకంటే అచ్చయిన సంతకానికి వెనక వైపు పెన్ను నొక్కిన గాడి ఉండదు. వేలితో తడుముతారని పిచ్చుకే చెప్పింది కదా.

అలాంటి బరువున్న కాగితం కోసం నాలుగు కట్టలు విప్పాడు. ఆ నీలం కోసం ఏడు పెన్నులు గీసి చూశాడు. తర్వాత బిల్లుల వెనక వైపు ఆ సంతకం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం పెద్ద కొక్కెంలా ఉంది, చివర తోక పైకి లేచింది. పక్కన తేదీ. ఆవిడ ఏడు అంకెకి నడుము దగ్గర అడ్డగీత పెడుతుంది. పది సార్లు రాశాడు, ఇరవై సార్లు రాశాడు. నలభయ్యోసారికి చెయ్యి దాని దారిన అది పోయింది. అప్పుడు ఊపిరి బిగబట్టి, ప్రింటు తీసిన కొత్త కాగితం మీద పెట్టాడు. వెనక్కి తిప్పి కళ్ళు మూసుకుని తడిమాడు. గాడి తగిలింది.

మామయ్య జీవితంలో చేసిన పనులన్నిట్లోకీ నాణ్యమైన పని అది. అయినా చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు.

ఇంటికెళ్ళేసరికి పిచ్చుక స్నానం చేస్తోంది. ఫైలు మంచం మీదుంది. వెనక అరలో, అత్త ఆసుపత్రి కాగితాల చాటున ఆ కొత్త పేజీని జొనిపాడు. చెబితే అది ఒప్పుకోదు. విమానం ఎక్కాక ఫోన్ చేసి, వెనక అరలో చూడమ్మా అంటే సరి. పాపం ఏదైనా ఉంటే నాకే చుట్టుకోనీ అనుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి అత్త గోడ పట్టుకుని మెల్లిగా లేచి వచ్చి పిచ్చుక పక్కన కూర్చుంది.

"ఇప్పుడు అక్కడ తెల్లారిందా?"

"ఆఫీసు తెరిచే వేళే అత్తా."

"అయితే ఆఫీసుకి ఫోన్ చెయ్యి."

"అత్తా, నాకు భయంగా ఉంది."

"భయమైతే నా చెయ్యి పట్టుకుని చెయ్యి. గట్టిగా నొక్కకు, కుట్లు లాగుతాయి."

పిచ్చుక నంబరు నొక్కింది. విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే, ఆ సంతకం పెట్టిన ఆవిడే ఎత్తింది. పిచ్చుక ఇంగ్లీషులో తడబడుతూ మొత్తం చెప్పింది. అటు నుంచి కీబోర్డు టకటకమని చప్పుడు. మామయ్య గుమ్మంలో తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ ఏదో అడిగింది. పిచ్చుక తేదీ చదివింది. ఆవిడ మళ్ళీ ఏదో అంది. పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తెలుగులో ఏడువే, మాకూ అర్థమవుతుంది" అంది అత్త.

"సంతకం చెల్లదంట అత్తా. ప్లాస్టిక్ వల్ల కాదు. చదువుకునేటప్పుడైతే సంతకం ఏడాది పనికొస్తుందంట. చదువయ్యి పని నేర్చుకునేవాళ్ళకి ఆరు నెలలే. నాది ఏడో నెల. నేను ఏడాది అనే అనుకుంటున్నా. లామినేషన్ చేయకపోయినా, ఇది పట్టుకుని వెళ్ళుంటే కౌంటరు దగ్గర..."

నలభై సార్లు మామయ్య తన చేత్తో రాసిన తేదీ. ఏడు అంకె నడుం మీద అడ్డగీత కూడా మర్చిపోకుండా దింపిన తేదీ. అంత శ్రద్ధగా దొంగ కాగితం చేసి, అందులో పనికిరాని రోజు వేశాడు.

ఫోనులో ఆవిడ ఇంకా చెబుతోంది. పిచ్చుక రాసుకుంటూ ముక్కముక్కలుగా తెలుగులో పలుకుతోంది. కొత్త కాగితం సంతకంతో సహా గంటలో మెయిల్లో పంపుతుంది. మామూలు కాగితం మీద ప్రింటు తీసుకుంటే చాలు, ఇప్పుడు అదే ఒరిజినల్. ల్యాబు ఉత్తరం పైన ఉంచుకోవాలి. కాగితాలన్నీ చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయకూడదు. పక్క గదిలోకి పిలిస్తే బెదరకుండా అడిగినంతవరకే, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చివర్లో ఆవిడ ఒక మాట అంటే పిచ్చుక ఏడుపులోనే నవ్వింది.

"ఏమంది?"

"ముందే ఫోన్ చేసి మంచి పని చేశావు, చాలామంది చేయరు అంది."

"పేరు మీద రాసుకుంటుందా మరి?" అంది అత్త, మొగుడి వైపు చూస్తూ.

మామయ్య నవ్వలేదు. ఆయన చూపంతా మంచం మీద ఫైలు మీదే. పిచ్చుక దాన్ని తీసి గుండెకి హత్తుకుని కూర్చుంది. పడుకునేటప్పుడు తలగడ కింద పెట్టుకుంది. పొద్దున లేచేసరికి అది చేతి సంచిలో ఉంది, సంచి భుజాన ఉంది. కొట్టుకి వచ్చి మెయిల్ తెరిచి కొత్త కాగితం ప్రింటు తీయమంది. తీశాడు. ఇంకా వేడిగా ఉన్న కాగితాన్ని ఆయన చేతిలోంచి గబుక్కున లాక్కుంది.

"నువ్వు చూడకూడదు దీన్ని" అని నవ్వింది. "నీ చూపు పడితేనే ప్లాస్టిక్ అంటుకుంటుంది."

చెప్పడానికి అదే అదను. నోరు తెరిచాడు. "అమ్మా..." అన్నాడు. పిచ్చుక తలెత్తింది. ఆ మొహంలో మూడు రోజుల తర్వాత వచ్చిన వెలుగు చూసి, "టీ తాగుతావా?" అన్నాడు.

ఎనిమిదింటికి అద్దె కారొచ్చింది. అత్తని వదిలి వెళ్ళడానికి లేదు కాబట్టి మామయ్య గేటు దగ్గరే ఆగాడు. కారు మలుపు తిరిగింది. వెనక అర ఎవరు చూస్తారులే అనుకున్నాడు. ఆసుపత్రి కాగితాలే కదా అడ్డం. లోపలికొచ్చి మంచినీళ్ళు తాగాడు. రెండు గంటలు గడిచాక మళ్ళీ తాగాడు. ఒకే మనిషి పేరున రెండు కాగితాలు, రెండు తేదీలు, ఒకే ఆవిడ సంతకం. ఒకటి ఆవిడ పెట్టింది, ఒకటి ఈయన. ఆఫీసరు వేలు వెనక అరలోకి వెళ్తున్నట్టు కళ్ళకి కట్టింది. నేను చేయలేదండీ అంటుంది పిల్ల. ఎవరు నమ్ముతారు?

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. చెమటకి వేలు తెర మీద జారింది. లోపలి గదిలో అత్త "ఎవరికండీ?" అంటోంది. నాలుగోసారికి ఎత్తింది.

"లైన్లో ఉన్నా మామయ్యా, సంచి స్కానింగ్ దగ్గర. తొందరగా చెప్పు."

"లైన్లోంచి బయటికి రా."

"ఏమైంది? అత్తకేమైనా..."

"అత్త బాగుంది. నువ్వు రా. ఫైలు వెనక అర తియ్యి. ఆసుపత్రి కాగితాల వెనక."

జిప్పు లాగిన చప్పుడు. కాగితాల గలగల. వెనక విమానాశ్రయం హోరు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"ఇది నువ్వు చేశావా?"

"ఆఁ."

"ఎప్పుడు పెట్టావు?"

"నిన్న. నీకోసమేనమ్మా, భయమేసి..."

"నాకోసం కాదు మామయ్యా. నా పేరు మీద." జిప్పు మళ్ళీ మూసిన చప్పుడు. "ఇది వాళ్ళకి దొరికితే నువ్వు చేశావని రాయరు. నేను చేశానని రాస్తారు. ఇంకెప్పటికీ రానివ్వరు. పొద్దున ప్రింటు తీసేటప్పుడైనా చెప్పొచ్చు కదా!"

కాగితం చింపుతున్న చప్పుడు వినపడింది. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. చాలాసేపు చింపింది. మంచి బరువున్న కాగితం అది, ఒక పట్టాన చిరగదు.

"పెట్టేస్తున్నా" అంది. పెట్టేసింది.

మామయ్య వెనక్కి తిరిగితే అత్త గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వినేసింది. ఆవిడ ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ గోడ పట్టుకుని తన మంచం దగ్గరికి తాను నడిచి వెళ్ళిపోయింది. సాయం పట్టబోతే చెయ్యి విదిలించుకుంది.

మన గడియారం ప్రకారం శనివారం పొద్దున పదింటికి విమానం దిగి ఉండాలి. పదకొండైంది. పన్నెండైంది. కొట్టు తెరవలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక ఫోనుకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. అత్త ఒక్కసారి మాత్రం, "పక్క గదిలోకి పిలిచి ఉంటారు" అంది. ఆయన తలూపాడు. ఒంటి గంటకి ఫోన్ మోగింది. అత్త చూపిస్తే ఆయనే ఎత్తాడు.

"బయటికొచ్చేశా మామయ్యా."

ఆయన అత్త వైపు చూసి తలూపాడు.

"పక్క గదిలో రెండు గంటలు కూర్చోబెట్టారు. కొత్త కాగితం నిన్నటి తేదీతో ఉందేమని అడిగారు. మా మామయ్య పాతది లామినేషన్ చేశాడని చెప్పా. నమ్మలేదు. చూపించమన్నారు. ప్లాస్టిక్‌ది చూపిస్తే ఆఫీసరు అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, పక్కావిణ్ణి కూడా పిలిచి చూపించాడు. తర్వాత అడిగాడు, ఈ రెండూ కాక ఇంకో ఒరిజినల్ ఏదైనా నీ దగ్గరుందా అని. లేదన్నా. అన్నాక సంచి మొత్తం బల్ల మీద బోర్లించాడు. ఫైలు ప్రతి అరా తిరగేశాడు. వెనక అరతో సహా."

మామయ్య కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వు నిన్న ఫోన్ చేయకపోయుంటే, నేను లేదన్న మాట అబద్ధమయ్యేది. నాకే తెలియకుండా."

అవతల బస్సేదో ఆగి కదిలిన చప్పుడు. అత్త చెయ్యి చాపి ఫోను అడగలేదు. ఆ ఫోను పట్టుకున్న ఆయన మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించింది.

"మామయ్యా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"కోపం పోలేదు నాకింకా."

"పోనక్కర్లేదులే. చెప్పు, వింటున్నా."

అదండీ సంగతి. వింటున్నారు కదా, మీరూ ఉన్నారు కదా లైన్లో? మీ ఎరుకలో పరాయి దేశంలో చదువుకునే పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఈ కథ పంపండి, సెలవుకి బయల్దేరకముందే సంతకం తేదీ ఒకసారి చూసుకుంటారు. వాళ్ళకి పంపాక ఊరుకోకండి. వాళ్ళ మామయ్యలకీ, బాబాయిలకీ, పిల్లల కోసం ఏమైనా చేసేస్తామనే పెద్దవాళ్ళందరికీ కూడా పంపండి. అసలు వాళ్ళకే ముందు పంపండి. ఉంటానండీ.